గేలపు దారం ముడి

ఇనానం ఊళ్లో పాత బండి సామాన్ల షెడ్ల వరసలో ఏ జాయింటు ఏ వైర్‌మన్ వేశాడో చూసి చెప్పేయవచ్చు. ఒకడు నల్ల టేపు దండిగా చుట్టి వదిలేస్తాడు. ఇంకొకడు ప్లాస్టిక్ గొట్టం తొడిగి లైటరుతో కాలుస్తాడు. సెవ్రిన్ మాత్రం రెండు వైర్లనీ మెలేసి, వెనక్కి మడిచి, ఆకుపచ్చ గేలపు దారం పదకొండు చుట్లు బిగించి, ఆ తర్వాతే టేపు వేస్తాడు. వాళ్ల నాన్న పుతాతన్ తీరంలో చేపలు పట్టేవాడు. ఎంత పెద్ద చేప గింజుకున్నా ఊడని ముడి కొడుక్కి నేర్పాడు. కొడుకు సముద్రాన్ని వదిలేసి బళ్ల కింద దూరాడు గానీ ముడిని వదల్లేదు. ఇరవయ్యారేళ్లలో తన జాయింటు ఒక్కటి కూడా ఊడి వెనక్కి రాలేదని అతనికి మహా గొప్ప. ఆ గొప్ప నోటితో చెప్పేవాడు కాదు. ఎదుటివాడి జాయింటు చూసినప్పుడు ముక్కుతో ఒక చప్పుడు చేసేవాడు, అంతే. తిట్టినా అంత మండదు ఎవరికీ.

ఆ గురువారం పొద్దున తొమ్మిదింటికి సెవ్రిన్ పనిచేసే ఫొంగ్ తౌకే షెడ్డు ముందు ఒక ముసలి పజీరో జీపు వచ్చి ఆగింది. తౌకే అంటే షావుకారు. నడిపింది జోవిటా, తంబునాన్ కొండల్లో చిన్న ఆసుపత్రిలో నర్సు. పక్క సీట్లోంచి ఆమె తల్లి సోపియా నెమ్మదిగా దిగింది. ఊరంతా ఆవిణ్ణి ఒడు అంటుంది, అంటే అవ్వ అని. మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేయడంతో ఒడుకి వారానికి మూడుసార్లు నగరంలో రక్తం కడిగే యంత్రం ఎక్కాల్సి వస్తోంది. దగ్గర ఊళ్లో యంత్రం దగ్గర ఖాళీ లేదు. కాబట్టి వారానికి మూడుసార్లు కొండదారి, మలుపు మీద మలుపు, ఒక పక్క రాయి, ఒక పక్క లోయ. నిన్న యంత్రం దగ్గర ఆలస్యమై చుట్టాలింట్లో పడుకున్నారు. ఈరోజు వెళ్లేముందు బండికి నోరు పెట్టించుకుందామని వచ్చారు.

"పాత రేడియో మూగబోయి ఏడాదైంది అంకుల్," అంది జోవిటా. "దారంతా మా అమ్మ నన్ను తిట్టడం తప్ప ఇంకో కార్యక్రమం లేదు. పాటలుంటే తిట్లు తగ్గుతాయేమోనని ఆశ."

"పాటలుంటే పాటల మధ్యలో తిడతా," అంది ఒడు.

ఫొంగ్ తౌకే దగ్గర అదే రకం బండి ముందు సగం ఉంది. జపానులో బండిని నడుముకి కోసి, ముందు భాగాన్ని ఓడెక్కిస్తారు. ఇక్కడ దాన్ని హాఫ్‌కట్ అని పిలిచి, కోడిని కోసినట్టు ముక్క ముక్కా అమ్ముతారు. ఈ సగం ఖరీదైన రకంది. గేరు చుట్టూ చెక్క రంగు కన్సోలు, చెయ్యి ఆనించుకోవడానికి మెత్తటి పెట్టె, డ్యాష్‌బోర్డు మీద దిక్సూచి, నేల వాలు చూపించే ముల్లు, క్యాసెట్టూ సీడీ రెండూ పాడే సెట్టు, సీటు కింద ఆంప్లిఫయరు, తలుపుల్లో స్పీకర్లు. మొత్తం ఊడదీసి తన బండిలో పెట్టమంది జోవిటా.

"ఆ వాలు ముల్లు నాకెందుకే? కొండ వాలుగా ఉందని నా నడుముకి తెలీదా?" అంది ఒడు.

"నీక్కాదు, నాకు," అంది కూతురు. తర్వాత సెవ్రిన్ వైపు తిరిగింది. "రెండింటికల్లా అయిపోవాలి అంకుల్. నాలుగు దాటితే పైన మంచు దిగుతుంది. బండి ముక్కు కూడా కనపడదు."

"ఒంటిగంటకే ఇస్తా మిస్సీ," అన్నాడు సెవ్రిన్. అతను మాటిచ్చాడంటే ఫొంగ్ గోడ గడియారం కూడా సర్దుకుని నడుస్తుందని వరసలో ఎగతాళి చేసేవాళ్లు.

ఒడు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని సరిగ్గా బండి తలుపుకెదురుగా కూర్చుంది. ఎవరి పనైనా కళ్లముందు జరగాలి ఆవిడకి.

"ఏ ఊరు నీది?"

"పుతాతన్, ఒడు."

"సముద్రం వాళ్లా! అందుకే మాట్లాడవు. ఉప్పుతో నాలుక మొద్దుబారుతుంది మీకు."

"కొండవాళ్లు మా వంతు కూడా మాట్లాడతారు కదా ఒడు. మాకెందుకు శ్రమ?"

ఒడు పకపకా నవ్వింది. ఆ నవ్వు విని సెవ్రిన్‌కి కూడా పని మీద హుషారొచ్చింది. గేరు పిడి తిప్పి తీశాడు, బూడిద డబ్బా లాగాడు, నాలుగు స్క్రూలు విప్పాడు, పాత కన్సోలుని రెండు చేతులతో పైకి ఎత్తాడు. కింద ఇరవై ఏళ్ల చెత్త ఉంది. వేరుశనగ తొక్కలు, ఒక జపమాల పూస, విరిగిన దువ్వెన. కార్పెట్టు తొలగించాడు.

అక్కడ ఒక పెట్టె ఉండాలి. అరచేతి అంత లోహపు పెట్టె, నాలుగు బోల్టులతో నేలకి బిగించి. బండి దేనికైనా గుద్దుకుంటే ఆ పెట్టే కనిపెట్టి ఎయిర్‌బ్యాగులు పేలమని చెబుతుంది. దాని వైర్లకి పసుపుపచ్చ తొడుగు ఉంటుంది, ఎవరూ పొరపాటున ముట్టుకోకుండా. పెట్టె లేదు. నాలుగు బోల్టు రంధ్రాలే ఉన్నాయి, అంచులు తుప్పు పట్టి. పసుపు ప్లగ్గులు రెండు తల తెగిన పాముల్లా పక్కకి పడి ఉన్నాయి. వాటి పక్కనుంచి ఒక సన్నటి వైరు డ్యాష్‌బోర్డు కిందికి వెళ్లింది. సెవ్రిన్ టార్చి పట్టుకుని వెల్లకిలా పడుకుని ఆ వైరు వెంట వెళ్లాడు. మీటర్ల వెనకాల టేపు చుట్టిన ఒక జాయింటు కనపడింది. టేపు జిగురు ఎండి అంచు లేచింది. లేచిన చోట ఆకుపచ్చ దారం మెరుస్తోంది.

అతను గోటితో చుట్లు లెక్కపెట్టాడు. పదకొండు. మళ్లీ లెక్కపెట్టాడు.

 ఎనిమిదేళ్ల కిందటి ఒక మధ్యాహ్నం అతని కళ్లముందుకొచ్చి నిలబడింది. పాత బళ్లు కొని అమ్మే బ్రోకరొకడు ఈ పజీరోనే తెచ్చాడు. అప్పుడు దీనికి వేరే రంగు. దున్నపోతుని గుద్దితే రెండు ఎయిర్‌బ్యాగులూ పేలిపోయాయి. బ్రోకరు పేలిన సంచుల్ని కోసి పారేసి, పైన మూతలు అతికించి, పెట్టెని కూడా ఎవరికో అమ్ముకున్నాడు. మిగిలింది మీటర్లలో ఎర్ర దీపం. కూర్చున్న మనిషీ, అతని ముందు ఒక బంతీ ఉన్న బొమ్మ. సంచి లేకపోతే ఆ దీపం ఆరదు, వెలుగుతూనే ఉంటుంది. వెలుగుతుంటే బండి ఎవడు కొంటాడు? బల్బు తీసేస్తే తెలివైనవాడు కనిపెడతాడు, తాళం తిప్పగానే వెలగాలి కదా అని. అందుకే వరసలో ఒక ఉపాయం ఉండేది. ఆ దీపం వైరుని తీసుకెళ్లి ఇంజను ఆయిలు దీపానికి కలిపేస్తారు. తాళం తిప్పగానే రెండూ వెలుగుతాయి, ఇంజను అందుకోగానే రెండూ ఆరిపోతాయి. బుద్ధిమంతుడైన దీపం. ఫొంగ్ పంపితే బ్రోకరు వచ్చాడు, బ్రోకరు అడిగితే సెవ్రిన్ కట్టాడు. అరగంట పని. ఆ రోజుల్లో అందరూ చేసేవాళ్లే, గీత పడ్డచోట రంగు వేసినంత మామూలుగా. కట్టినవాడికి ఆ సాయంత్రానికే గుర్తుండేది కాదు. కానీ ముడి ఊడలేదు. ఎనిమిదేళ్లు కొండదారిలో అదిరినా, వర్షాలకి తడిసినా, చెక్కుచెదరలేదు. చేసినవాడి పనితనం అలాంటిది మరి!

"ఏం దొరికింది రా అక్కడ? బంగారమా?" అంది ఒడు.

సెవ్రిన్ బయటికి వచ్చాడు. మొహం తుడుచుకున్నాడు. "ఏం లేదు ఒడు. దుమ్ము."

"దుమ్ము చూసి అంత తెల్లబోయావేం?"

అతను నీళ్ల వంకతో షెడ్డు లోపలికి వెళ్లాడు. ఫొంగ్ అక్కడ ఒక ఇంజనుకి నీళ్లు కొట్టి కడుగుతున్నాడు. సెవ్రిన్ గొంతు తగ్గించి చెప్పాడు. ఫొంగ్ పైపు కట్టేసి, చుట్టూ చూసి, మళ్లీ పైపు విప్పాడు, నీళ్ల చప్పుడులో మాటలు కలిసిపోవాలని.

"దానిమీదే కదా కొత్త కన్సోలు వచ్చేది?"

"అవును."

"అయితే మూసెయ్. ఎవరు చూస్తారు?"

"అమ్మా కూతుళ్లు తౌకే. వారానికి మూడుసార్లు కొండెక్కుతారు."

"రెండేళ్లుగా ఎక్కుతున్నారు, ఏమైంది? సెవ్రిన్, నీకేమన్నా పిచ్చా? ఈ బండికి చెబితే రేపు వరసంతా తెలుస్తుంది. ఎల్లుండి ఇక్కడ పదిమంది నిలబడి 'నా దీపం కూడా నువ్వేనా కట్టింది' అంటారు. నీ పేరూ నా షెడ్డు పేరూ రెండూ మట్టిలో కలుస్తాయి. రేడియో పెట్టమన్నారు, రేడియో పెట్టు."

సెవ్రిన్ వెనక్కి వచ్చి రేడియో పెట్టాడు. నిజం చెప్పాలంటే, ఆ గంటన్నరా అతను చేసిన పనిలో వంక పెట్టడానికి లేదు. కొత్త కన్సోలు అడుగు ఒకచోట పట్టలేదు, దాన్ని ఆకురాయితో రాసి సరిచేశాడు. హాఫ్‌కట్ నుంచి వచ్చిన వైర్లు వేరే రంగులు, పజీరోవి వేరే రంగులు. ఒక్కొక్కదాన్నీ బల్బు పెట్టి వెతికి జత చేశాడు. ప్రతి జాయింటుకీ ఆకుపచ్చ దారం పదకొండు చుట్లూ చుట్టాడు.  చివరికి ఆ నాలుగు ఖాళీ రంధ్రాల మీద కార్పెట్టు పరిచి, చెక్క రంగు కన్సోలు దించి, స్క్రూలు బిగించాడు. పైన పటారం, లోన లొటారం.

పన్నెండున్నరకి జోవిటా భోజనం పొట్లాలు విప్పింది. అన్నం, ఎండు చేప, కొండ అడవిమామిడి బంబాంగన్ పచ్చడి. ఒడు తన చేత్తో సెవ్రిన్‌కి ఆకులో పెట్టి ఇచ్చింది.

"తిను. సముద్రం వాళ్లకి ఈ పచ్చడి దొరకదు. నేను పెట్టిందే."

తిననంటే ఎందుకని అడుగుతుంది. తిన్నాడు.  తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని, పచ్చడి బాగుందని రెండుసార్లు అన్నాడు. ఒడు అతన్నే చూస్తోంది.

ఒంటిగంటకి సెట్టు వెలిగింది గానీ గరగర తప్ప ఏమీ రాలేదు. జోవిటా మొహం వాడిపోయింది. సెవ్రిన్ తనని తనే తిట్టుకున్నాడు. జపాను రేడియో జపాను స్టేషన్ల అంకెల దగ్గరే ఆగిపోతుంది, ఇక్కడి స్టేషన్లు దానికి అందవు. వరసలో నిన్నగాక మొన్న చేరినవాడికి కూడా తెలుసు ఆ సంగతి. అంకెలు మార్చే చిన్న డబ్బా ఒకటి యాంటెన్నా వైరు మధ్యలో పెట్టాలి. ఇన్నేళ్లలో అతను అది మర్చిపోవడం ఇదే మొదలు.

"నీ బుర్ర ఇక్కడ లేదురా," అంది ఒడు నెమ్మదిగా.

డబ్బా పెట్టేసరికి ఒంటిగంట యాభై. అప్పుడు మాత్రం వాళ్ల కడజాన్ భాష స్టేషను గలగలా పలికింది. కంచు గంటల పాట తలుపుల్లోంచి, కాళ్ల కిందినుంచి పొంగి షెడ్డంతా నిండింది. ఒడు కుర్చీలోంచి లేవకుండానే రెండు చేతులూ రెక్కల్లా చాచి సుమజావ్ ఆట ఆడింది. పక్క షెడ్డు వాళ్లు చప్పట్లు కొట్టారు. ఫొంగ్ కూడా నవ్వుతూ బయటికి వచ్చాడు. జోవిటా కళ్లు తుడుచుకుంది.

"అంకుల్, మీ చెయ్యి మంచిది," అంది. ఆ మాట అతనికి చెంపదెబ్బలా తగిలింది.

సామాను సర్దుకున్నారు. ఒడు ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. జోవిటా తాళం తిప్పింది. ఎర్ర దీపం వెలిగింది, ఇంజను అందుకుంది, దీపం ఆరింది. సెవ్రిన్ కిటికీ దగ్గర నిలబడి ఆ దీపాన్నే చూస్తున్నాడు. తర్వాత అతని చూపు ఒడు భుజం మీదికి వెళ్లింది. సీటు బెల్టు పక్కన వేలాడుతోంది.

"బెల్టు పెట్టుకో ఒడు," అన్నాడు.

"ఎలా పెట్టుకోను?" ఒడు జాకెట్టు మెడ పక్కకి లాగి చూపించింది. ఎడమ మెడ ఎముక కింద రెండు గొట్టాలు ప్లాస్టరు వేసి అతికించి ఉన్నాయి. "రక్తమంతా ఇందులోంచే పోయి వస్తుంది. బెల్టు సరిగ్గా దీని మీదే నొక్కుతుంది. అయినా నాకెందుకు బెల్టు? ఎదురుగా ఆ సంచి ఉందిగా."

"రోజూ ఇదే గొడవ అంకుల్," అంది జోవిటా. "బెల్టు లేకుండా కూర్చోకూడదని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. వింటుందా? చివరికి, పోనీ సంచులైనా ఉన్నాయిలే అని ఊరుకుంటున్నా. ఈ దీపం సరిగ్గా వెలిగి ఆరడం చూసే కదా ఈ బండి కొన్నాను."

సెవ్రిన్ చెయ్యి కిటికీ అంచుని పట్టుకుంది. వదిలేస్తే బండి వెళ్లిపోతుంది. వెళ్లిపోతే ఎవరికీ తెలియదు. ఇరవయ్యారేళ్ల పేరు అలాగే ఉంటుంది. షెడ్డు లోపల్నుంచి ఫొంగ్ కేకేశాడు, "సెవ్రిన్! ఇంకో బండి కాచుకుని ఉంది ఇక్కడ!"

"ఇంజను ఆపు మిస్సీ," అన్నాడు సెవ్రిన్.

"ఏమైంది?"

"ఆపు. సంచుల్లేవు."

జోవిటాకి అర్థం కాలేదు. "ఏ సంచులు?"

"నీ ముందూ లేదు, అమ్మ ముందూ లేదు. ఎప్పుడో పేలిపోయాయి. ఆ దీపం నేనే కట్టాను, ఎనిమిదేళ్ల కిందట. ఆయిలు దీపానికి కలిపి కట్టా, ఇంజను అందుకోగానే ఆరిపోవాలని." ఆపలేదు. ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. "ఈ పొద్దున కన్సోలు తీసినప్పుడు నా ముడి చూశాను. చూసి మూసేశాను."

పాట ఇంకా మోగుతూనే ఉంది. జోవిటా చెయ్యి చాచి దాన్ని కట్టేసింది. పిడికిలి బిగించి స్టీరింగు మధ్యలో మూత మీద ఒక్క గుద్దు గుద్దింది. డొల్ల చప్పుడు వచ్చింది, మూత లోపలికి సొట్టపోయింది. 

"పొద్దున చూశారా?" అంది.

"ఆ."

"అన్నానికి ముందా?"

సెవ్రిన్ తల వంచాడు.

"మా అమ్మ పెట్టిన అన్నం తిన్నారు. పచ్చడి బాగుందన్నారు. అదీ రెండుసార్లు." ఆమె గొంతు పెద్దది కాలేదు, అదే అతన్ని ఎక్కువ కోసింది. "ఆసుపత్రిలో మేం ఎవరికైనా తప్పు మందు ఇస్తే ఏమంటారో తెలుసా మమ్మల్ని? మీరు మనిషేనా?"

ఫొంగ్ పరిగెత్తుకొచ్చాడు. "మిస్సీ, మిస్సీ, ఇది పాత బండి, పాత బళ్లలో ఇలాంటివి మామూలే, ఇతనికి ఎండ తగిలి ఏదో..."

"నువ్వు నోర్ముయ్ తౌకే," అంది ఒడు. వరసలో ఫొంగ్‌ని అలా అన్నవాళ్లు అంతకుముందు లేరు. ఒడు తలుపు తీసుకుని కిందికి దిగింది, సెవ్రిన్ ఎదుట నిలబడింది. ఆవిడ తల అతని ఛాతీ దాకా కూడా రాదు.

"కత్తెర తెచ్చుకో. నా కళ్లముందు విప్పు."

అతను మళ్లీ వెల్లకిలా పడుకున్నాడు. తన ముడిని విప్పడానికి తనకే పది నిమిషాలు పట్టింది. దీపం వైరుని దాని పాత చోట కలిపి, తాళం తిప్పాడు. ఎర్ర దీపం వెలిగింది. ఇంజను అందుకుంది. దీపం వెలుగుతూనే ఉంది. అందరూ దాన్నే చూస్తున్నారు.

"ఇంకెన్నిటికి కట్టావు?" అంది ఒడు.

"గుర్తున్నవి పద్దెనిమిది."

"గుర్తులేనివి?"

 గడియారం రెండున్నర చూపిస్తోంది. జోవిటా ఆకాశం వైపు చూసింది. కొండల మీద మంచు తెల్లగా కదలడం మొదలైంది. అప్పుడు సెవ్రిన్‌కి ఒకటి తట్టింది. అది ఎవరికైనా ఎప్పుడో తట్టాల్సింది. ముందు సీటు బెల్టు ఎడమ భుజం మీదుగా వస్తుంది. డ్రైవరు వెనక సీట్లో అయితే కుడి భుజం మీదుగా. గొట్టాలు ఉన్నది ఎడమవైపు.

"ఒడు, వెనకాల కూర్చో. మిస్సీ వెనక," అన్నాడు. బెల్టు లాగి, పెట్టి చూపించాడు. కుడి భుజం మీదనుంచి ఎడమ నడుముకి దిగింది, గొట్టాల దరిదాపులకి కూడా పోలేదు.

జోవిటా ఆ బెల్టునే చూస్తూ నిలబడిపోయింది. రెండేళ్లు. ఆ దీపం అబద్ధం చెప్పకపోయి ఉంటే రెండేళ్ల కిందటే ఈ సీటు గురించి ఆలోచించి ఉండేది.

"వెనకాల పాటలు వినపడవు," అంది ఒడు మొండిగా.

సెవ్రిన్ ముందు తలుపు స్పీకరు ఒకటి విప్పి, వెనక తలుపులోకి మార్చాడు. ఇరవై నిమిషాలు. అతని చేతులు అంత వేగంగా ఎప్పుడూ కదల్లేదు. ఒడు ఎక్కి కూర్చుని బెల్టు పెట్టించుకుంది. తర్వాత వేలు చూపించి చెప్పింది.

"సోగిట్ కట్టాలి నువ్వు."

సోగిట్ అంటే కొండవాళ్లకీ సముద్రం వాళ్లకీ ఒకటే మాట. తప్పు చేసినవాడు కోడినో పందినో ఇచ్చి, రగిలినదాన్ని చల్లార్చడం. అది కట్టేదాకా ఇద్దరి ఇళ్లకీ మంచిది కాదంటారు.

"చెప్పు ఒడు."

"తెల్ల కోడి. పెట్ట. ఎవరి చేతో పంపితే ఒప్పుకోను. నీ బండిలో, నీ పెళ్లాన్ని కూర్చోబెట్టుకుని, నేను ఎక్కే కొండే ఎక్కి తీసుకురా. ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఆ పద్దెనిమిదీ విప్పుకుంటూ రా."

జోవిటా గేరు వేసింది. బండి రోడ్డెక్కేదాకా మీటర్లలో ఎర్రటి చుక్క కనిపిస్తూనే ఉంది. అప్పటికి మూడైంది. అంటే వాళ్లు మంచులోకే వెళుతున్నారు, అతని మూలంగా.

"నీకిక నా షెడ్డులో చోటు లేదు," అన్నాడు ఫొంగ్.

సెవ్రిన్ పనిముట్లు సర్దుకుని ఇంటికి వచ్చి ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దున జోవిటా అతని నంబరు తీసుకుంది గానీ, చేరాక ఫోను చెయ్యమని అడిగే ముఖం లేక అడగలేదు. నాలుగైంది, ఐదైంది. కిటికీలోంచి చూస్తే కొండలు లేవు, తెల్లటి గోడ ఉంది. భార్య తాసియా కాఫీ పెట్టింది, తాగలేదు. ఏమైందంటే జరిగిందంతా చెప్పాడు. ఆమె విని లోపలికి వెళ్లిపోయింది. ఆరుంబావుకి ఫోను మోగింది. ఎత్తగానే కంచు గంటల పాట, దాని మీద ఒడు గొంతు.

"చేరాం. పెట్ట అన్నాను, పుంజు కాదు. గుర్తుందా?"

సెవ్రిన్ ఫోను పెట్టేసి ఏడ్చాడు. అంతకుముందు అతను ఏడ్చింది తండ్రి పోయినప్పుడే.

శుక్ర శనివారాల్లో నాలుగు బళ్ల దగ్గరికి వెళ్లాడు. ఒకాయన చెంప మీద కొట్టాడు. ఒకావిడ తలుపు వేసుకుంది, గంట తర్వాత తెరిచి విప్పనిచ్చింది. మూడో అతను, "విప్పకు అన్నా, వచ్చే నెల అమ్ముతున్నా బండిని," అని బతిమాలాడు. సెవ్రిన్ అతని గుమ్మంలోనే కూర్చున్నాడు, విప్పనిచ్చేదాకా. నాలుగో బండి అప్పటికే చచ్చి గడ్డిలో ఉంది. దాన్ని కూడా విప్పాడు.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక తాసియా తెల్ల పెట్టని బుట్టలో పెట్టుకుని, అన్నంతో చేసిన కల్లు జాడీ కాళ్ల మధ్య ఇరికించుకుని, వాళ్ల పాత బండిలో ముందు సీట్లో కూర్చుంది. ఎప్పట్లాగే బెల్టు పెట్టుకోలేదు. సెవ్రిన్ తాళం తిప్పాడు. ఎర్ర దీపం వెలిగింది. ఇంజను అందుకుంది. దీపం ఆరింది.

అతని చెయ్యి గేరు మీదే ఆగిపోయింది. ఇంజను ఆపాడు. మళ్లీ తిప్పాడు. వెలిగింది, ఆరింది. ఆయిలు దీపం కూడా సరిగ్గా అదే క్షణంలో వెలిగింది, అదే క్షణంలో ఆరింది.

"ఏంటి, కొండెక్కకముందే చచ్చిందా?" అంది తాసియా.

అతను తలుపు తీసి, చర్చికి వేసుకున్న చొక్కాతోనే వెల్లకిలా పడుకుని మీటర్ల కిందికి చెయ్యి పోనిచ్చాడు. వేలికి తగిలింది. ఏడు చుట్లే ఉన్నాయి. సొంత బండే కదా అని హడావిడిగా కట్టేశాడు. గుద్దుకుని సంచులు పేలిన బండిని చవగ్గా కొన్న రోజది. దీపం విసిగిస్తుంటే వరసలో ఒకడు ఉపాయం చెప్పాడు. మొదట దీని మీదే నేర్చుకున్నాడు. కట్టినవాడే రోజూ ఆ దీపం ఆరడం చూసి, బండి బాగానే ఉందని నమ్ముతూ వచ్చాడు. పద్దెనిమిదిలో ఇది లేనే లేదు.

ముడి విప్పి, దారం ముక్క పట్టుకుని లేచాడు. "ఇదీ నేనే కట్టాను," అన్నాడు.

తాసియా ఆ దారం వైపు చూసింది. "ఎప్పుడు?"

"కొన్నప్పుడే. పదకొండేళ్లయింది."

"పదకొండేళ్లు," అంది ఆమె. "ఇద్దరు పిల్లల్నీ ఈ సీట్లోనే కూర్చోబెట్టి బడికి దించాను నేను. చిన్నది నా ఒళ్లో కూర్చునేది."

బుట్టలో పెట్ట ఒకసారి రెక్కలు కొట్టుకుంది. తాసియా దాని తల మీద చెయ్యి వేసి సముదాయించింది. తర్వాత బెల్టు లాగి పెట్టుకుని, టక్కుమని బిగించింది. అతని మొహంలోకి చూడలేదు.

"వెళ్లి ఇంకో కోడిని పట్టుకురా," అంది. "ఇది ఒడుది."